ఊరూ పేరూ ఉన్న మొహం

తలుపు గొళ్ళెం మీద చేయి వేసి, తీయాలా వద్దా అని హెస్టర్ ఆగిపోయిన చోట కిందటి వారం మనం ఆమెను వదిలి వచ్చాం. బయట మెట్ల మీద అగ్నీత్ రూస్ చేతికర్రతో తలుపు కొడుతోంది. లోపల కిటికీ పక్కన ముక్కాలిపీట మీద ఫెన్నా కూర్చుని ఉంది. ఇద్దరికీ నడుమ బొమ్మలు నిలబెట్టే ఈజిల్ మీద, హెస్టర్ భర్త లాంబెర్ట్ పోతూపోతూ వదిలేసిన బొమ్మ ఉంది. మొన్నటిదాకా గోడవైపు మొహం పెట్టుకుని నిలబడ్డ ఓక్ చెక్క అది. ఈ వేళ హార్లెమ్ ఊళ్ళో ఏ సారా అంగడికి వెళ్ళినా దాని మాటే.

బొమ్మలో ఉన్నది ఫెన్నాయే. ఊరి బయట నారబట్టలు చలువచేసే మైదానాల్లో, బట్టలు నానేసే మజ్జిగ తొట్ల దగ్గర పనిచేస్తుంది. అగ్నీత్ కొడుకు, బట్టల వర్తకుడు ఎవర్ట్ రూస్ తనను పెళ్ళి చేసుకుంటానన్నాడనీ, ఆ మాట మీదే లాంబెర్ట్ దగ్గరికి తీసుకొచ్చి ఇద్దరి బొమ్మలూ జంటగా వేయించాడనీ ఆమె అంటోంది. అలాంటి మాటే తన నోట రాలేదని ఎవర్ట్ అంటున్నాడు. రేపు ఆదివారం పెద్ద చర్చిలో ఎవర్ట్‌కీ నగర పెద్దగారి మేనకోడలికీ పెళ్ళి ప్రకటన ఆఖరుసారి చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఈలోపే చెప్పుకోవాలి. ఫెన్నా వెళ్ళి చెప్పుకుంది. చర్చి పెద్దలు అంతా విని ఒక్కటే అడిగారు. ఆ బొమ్మ చిత్తరువా, త్రోనియా?

త్రోని అంటే ఊరూ పేరూ లేని మొహం. ముసలి నావికుడో, పళ్ళికిలించే పనిపిల్లో, తలగుడ్డ చుట్టుకున్న ఎవడో ఒకడు. చిత్రకారుడు పిలిచి కూర్చోబెడతాడు, ఇంత రొట్టె పెట్టి పంపేస్తాడు. ఆ బొమ్మను ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎక్కడైనా తగిలించుకోవచ్చు. చిత్తరువు అలా కాదు. దానికి పేరుంటుంది, ఇల్లుంటుంది, గోడ మీద దాని చోటు దానికుంటుంది.

త్రోని అని తేలితే ఫెన్నా మాట గాలికి పోతుంది. చిత్తరువని తేలితే హెస్టర్ కార్ఖానాకు తాళం పడుతుంది. మొగుడు పోయిన ఆడది కార్ఖానా నడుపుకోవచ్చు, త్రోనిలు వేసి అమ్ముకోవచ్చు. పేరున్న మనిషి చిత్తరువు మీద మాత్రం ఆమె కుంచె పడకూడదని చిత్రకారుల సంఘం కట్టుబాటు. లాంబెర్ట్ మొహం మాత్రమే పూర్తిచేసి కన్నుమూశాడు. ఆ చెక్కను సగంలో చూడలేక కాలరూ, చేతులూ, బల్లా హెస్టరే పూర్తిచేసింది.

ఆమె గొళ్ళెం తీసింది.

"తలుపు తీయడానికి ఇంతసేపా?" అంది అగ్నీత్ లోపలికి వస్తూనే.

"చేతులకు రంగుందమ్మగారూ. తుడుచుకుంటున్నా."

"మొగుడు పోయినదాని చేతులకు రంగేమిటి?"

"మొగుడు పోయినా ఆకలి పోలేదు కదమ్మా."

అగ్నీత్ ఆ మాట వినిపించుకోనట్టు గది మధ్యకి నడిచింది. నల్లపట్టు గౌను, మెడచుట్టూ పాతకాలపు గుండ్రటి పెద్ద కాలరు. ఆ కాలరు పెట్టుకున్న మనిషి తల ఒక్కటే తిప్పలేదు, ఒళ్ళంతా తిప్పాలి. అందుకే అగ్నీత్ దేన్ని చూసినా ఆ వస్తువు తప్పుచేసి దొరికిపోయినట్టు కనిపిస్తుంది. అనాథాశ్రమం నడిపే పెద్దమ్మల్లో ఆమె మాటే చెల్లుతుంది. ఇంట్లో అయితే ఎవర్ట్‌కి మాటే లేదు.

ఆమె వెనకాల బారెంట్ వచ్చాడు. చిత్రకారుల సంఘానికి పెద్ద. లాంబెర్ట్‌తో కలిసి ఒకే గురువు దగ్గర రంగులు నూరినవాడు, శవపేటికకు భుజం పట్టినవాడు. చర్చి పెద్దలు బొమ్మ తేల్చమన్నది అతన్నే.

"బాగున్నావా చెల్లెమ్మా," అన్నాడు. టోపీ తీశాడు కానీ చేతుల తోలు తొడుగులు తీయలేదు. బయట ఆగస్టు ఉక్క. కాలువ నీళ్ళు కదలకుండా కంపు కొడుతున్నాయి.

"కూర్చోండి బారెంట్ గారూ. బీరు పోస్తాను."

"ఆ పిల్ల లేవదా?" అంది అగ్నీత్.

ఫెన్నా పీట మీద ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది. "మైదానంలో పొద్దస్తమానం నిలబడే పనే అమ్మగారూ. కూర్చోడానికి దొరికింది ఈ ఒక్క చోటే."

"గదంతా మజ్జిగ కంపు."

"మీ మంచం మీద తెల్లదుప్పటికీ ఇదే కంపుండేది. ఎండలో దానికి పోయింది, నాకు పోలేదు."

బారెంట్ గొంతు సవరించుకున్నాడు. ఈజిల్ దగ్గరికి వెళ్ళి బొమ్మ ముందు నిలబడ్డాడు. తొడుగు వేసిన వేలితోనే చెక్క అంచు తడిమాడు. హెస్టర్‌కి అది వింతగా తోచింది. ఆమె ఎరిగిన ఏ చిత్రకారుడూ రంగును తొడుగు మీంచి ముట్టుకోడు. అయినా పట్టించుకోలేదు. మనసు మరోచోట ఉంది.

బొమ్మలో ఫెన్నా కొద్దిగా ఎడమకు తిరిగి కూర్చుంది, పక్కనున్న ఎవరి మాటనో వింటున్నట్టు. ఆమె ముందు ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల అంచు. బల్ల మీద తగరపు పళ్ళెం, అదీ సగమే. మిగతా సగాన్ని చెక్క అంచు కోసేసింది. ఆ మిగతా సగం ఎవర్ట్ బొమ్మలో, అతని మోచేతి పక్కన ఉంది. వంటింటి పళ్ళేన్ని ఎదురుగా పెట్టుకుని ఆ రెండు సగాలూ వేసింది హెస్టరే. ఎవర్ట్ సగంలో పళ్ళెం అంచుకు ఒక చోట సొట్ట ఉంటుంది. రెండు చెక్కలూ పక్కపక్కన పెడితే ఒకే బల్ల, ఒకే పళ్ళెం, దాని ముందు ఇద్దరు మనుషులు. చర్చి పెద్దలకు ఫెన్నా చెప్పింది ఆ పళ్ళెం సంగతే.

"ఆ కాలరు ఎక్కడిది దీనికి?" అంది అగ్నీత్ బొమ్మను చూస్తూ. "చలువ మైదానంలో పనిచేసేదానికి లేసు కాలరా?"

"నాదమ్మగారూ. నా పెళ్ళినాటిది. ఫెన్నా కూర్చునే రోజున నేనే ఇచ్చాను."

"విన్నారా బారెంట్ గారూ? అరువు కాలరు, అరువు కూర్చోవడం. త్రోని కాకపోతే మరేమిటి?"

బారెంట్ తలూపాడు. ఆ తల ఊపడంలో కొంచెం ఊరట కనిపించింది, మునిగేవాడికి పట్టుకోవడానికి ఏదో దొరికినట్టు. "అదీ నిజమే. వేషాలు వేసి కూర్చోబెట్టేది త్రోనికే. చెల్లెమ్మా, ఆ కాలరు సంగతి ఒక్కటి చాలు. నువ్వూ ఆ మాటే అంటే నేను వెళ్ళి చెప్పేస్తాను."

"నాకు మాటలు సాగదీయడం రాదు హెస్టర్," అంది అగ్నీత్. ఒళ్ళంతా తిప్పి ఆమెకు ఎదురుగా నిలబడింది. "త్రోని అను. ఒక్క మాట. నీ కార్ఖానా నీకుంటుంది. అంతే కాదు. వచ్చే ఏడు మా ఆశ్రమం పెద్దమ్మలందరినీ ఒకే బొమ్మలో వేయించాలని ఉంది. చావడి గోడంత బొమ్మ. అది నీ చేతికిస్తాం. ఎవరి చిత్తరువైనా వేసుకునే మాస్టారు హోదా నీకు ఇవ్వమని సంఘానికి నేనే చెబుతాను."

బారెంట్ చేతిలో బీరు కప్పు తొడుగు మీంచి జారబోయింది. పట్టుకున్నాడు. అగ్నీత్ వంక ఒకసారి చూశాడు, ఏదో అడగబోయి మింగేసినట్టు. అదీ హెస్టర్ చూసింది, అదీ ఆమె మనసులో నిలవలేదు.

చావడి గోడంత బొమ్మ అన్న మాట దగ్గరే ఆమె ప్రాణం ఆగిపోయి ఉంది.

ఈ ఊళ్ళో సగంమంది పెద్దమనుషుల చేతులు ఆమె వేసినవే. చర్చిగురువు చేతులు, బీరు కాచే షావుకార్ల చేతులు, వాళ్ళ భార్యల చేతుల్లో విసనకర్రలు, మణికట్టు దగ్గర లేసు మడతలు. మొహం లాంబెర్ట్ వేసేవాడు. మొహం కింద లాంబెర్ట్ పేరుండేది. చేతులకు పేరుండదు. ఏదో ఒక రోజు తన పేరు కింద ఒక మొహం, ఒక్క మొహం వేయాలని ఆమె ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉంది, అనుకుంటూనే కాలర్లు వేసింది. ఇప్పుడు ఊళ్ళో గొప్పింటి ఆడవాళ్ళ మొహాలన్నీ ఆమె చేతికి వస్తాయి. అడిగింది ఒక్క మాట. అదీ బొత్తిగా అబద్ధం అని కూడా అనలేని మాట. కాలరు అరువుదే కదా.

ఆమె ఫెన్నా వంక చూసింది.

"నా మొహం చూడకక్కా," అంది ఫెన్నా. "నీ కార్ఖానా పోతే నాకు ఒరిగేదేమీ లేదు. నీ ఇష్టం. కానీ ఒకటి విను. ఎవర్ట్ నాకొద్దు. ఇప్పుడొచ్చి కాళ్ళ మీద పడ్డా వద్దు. ఆ మేనకోడలే ఏలుకోనీ. మైదానంలో ఆడాళ్ళు నన్నేమంటున్నారో తెలుసా? అద్దె మొహం అంటున్నారు. రొట్టెముక్కకి మొహం అద్దెకిచ్చి, అదే పెళ్ళనుకుందట అని పాట కట్టి పాడుతున్నారు, బట్టలు పిండుతూ. నేను అద్దెకి రాలేదక్కా. నన్ను పిలిచారు. పేరు పెట్టి పిలిచారు. ఆయన బొమ్మ పక్కన నా బొమ్మ అని చెప్పి కూర్చోబెట్టారు. అది జరిగింది. జరిగింది జరగలేదని ఎవరైనా ఎందుకనాలి?"

"పేరుదేముంది," అంది అగ్నీత్. "పిల్లికీ ఉంటుంది పేరు."

"ఉంటుందమ్మగారూ. మా తొట్ల దగ్గర పిల్లి పేరు అగ్నీత్. మజ్జిగంతా తనదే అనుకుంటుంది."

బారెంట్ నవ్వాపుకోబోయి బీరులో దగ్గాడు. అగ్నీత్ చేతికర్రను నేలకేసి కొట్టింది. "వెలుతురులో పెట్టు ఆ బొమ్మ. బారెంట్ గారు చూసి తేల్చేస్తారు. నాకు ఇంటి దగ్గర పనుంది."

ఈజిల్ దగ్గర కిటికీ మెరుపు బొమ్మ మీద పడి కళ్ళలో కొడుతోంది. హెస్టర్ చెక్కను రెండు చేతులా ఎత్తింది. ఎదురు గోడ మీద అలమరకు చెరో పక్కా రెండు కొక్కేలున్నాయి. వేయించుకున్నవాళ్ళకు చూపడానికి లాంబెర్ట్ బొమ్మలను జంటగా తగిలించే చోటు అది. రెండూ ఖాళీగా ఉన్నాయి. వెలుతురు దగ్గరగా ఉందని ఎడమవైపు కొక్కేనికి తగిలించబోయింది.

"అటెక్కడ?" అంది అగ్నీత్ విసుగ్గా. "ఇటు పెట్టు. ఆడదాన్ని ఆ పక్కన పెడతారా ఎవరైనా? అది మొగుడి చోటు."

హెస్టర్ చెక్కను ఆ కొక్కేనికే వదిలి వెనక్కి తిరిగింది.

ఊళ్ళో ప్రతి పెద్దింట్లోనూ చలి కాచుకునే పొయ్యికి చెరో పక్కా భార్యాభర్తల బొమ్మలుంటాయి. చూసేవాళ్ళకు ఎడమన మొగుడు, కుడిన పెళ్ళాం, ఒకరివైపు ఒకరు తిరిగి. అన్నం తినడం నేర్చుకున్నట్టే పిల్లలు అదీ నేర్చుకుంటారు, ఎవరూ చెప్పకుండానే. త్రోనిని వంటింట్లో కూరల బుట్ట మీద తగిలించవచ్చు, మెట్ల కింద తగిలించవచ్చు. దానికి కుడీ లేదు, ఎడమా లేదు. ఇది నీ చోటు అని గోడ చూపేది ఇంటి కోడలికే. అగ్నీత్ పుట్టి బుద్ధెరిగాక అలాంటి బొమ్మల మధ్యే తిరిగింది. ఆమె నోరు ఆమెను అడక్కుండానే ఆ మాట అనేసింది.

ముందుగా నవ్వింది ఫెన్నా. చిన్నగా మొదలై ఒళ్ళంతా కదిలిపోయే నవ్వు. "విన్నారా బారెంట్ మాస్టారూ? అమ్మగారు నా చోటు నాకు చూపించారు."

అగ్నీత్ మొహం కాలరు మీద ఎర్రగా నిలబడింది. "వెలుతురు కోసం అన్నాను."

"వెలుతురు అటే ఉందమ్మగారూ," అంది హెస్టర్. "కిటికీ అటే ఉంది."

బారెంట్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా, నాకు ఈ మధ్య చెవి సరిగ్గా పనిచేయడం లేదు. నేనేమీ వినలేదు. నువ్వు ఆ ఒక్క మాట అనేయి. అగ్నీత్ గారు మాట తప్పరు. లాంబెర్ట్ ఉంటే ఏమనేవాడో నీకు తెలుసుగా."

"ఏమనేవాడు?"

"బతకమనేవాడు."

నిజమే. అలాగే అనేవాడు. ఆ సంగతి హెస్టర్‌కి అందరికంటే బాగా తెలుసు. లాంబెర్ట్ మంచివాడు, చేయి పెడితే మొహంలోకి ప్రాణం వచ్చేది. కానీ భయస్తుడు. ఎవర్ట్ రావడం మానేశాక ఈ చెక్కను గోడవైపు తిప్పి పెట్టింది ఎవరో కాదు, అతనే. ఆమె ఎందుకని అడిగితే, పెద్దింటి గొడవలు మనకెందుకు అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ వస్తే ఏం చెప్పాలి అని అడిగితే, త్రోని అని చెప్పు అన్నాడు. అతను గోడవైపు తిప్పింది చెక్కనే కాదనీ, కాలువ గట్టున రోజూ పనికి నడిచే ఫెన్నా అనే మనిషిని కూడాననీ ఆనాడు ఆమె అనలేకపోయింది. జబ్బు మనిషితో వాదించడం ఇష్టం లేక ఊరుకుంది.

ఇప్పుడు ఊరుకోవలసిన అవసరం కనిపించలేదు.

ఆమె చెక్కను తీసి కుడివైపు కొక్కేనికి తగిలించింది. తడిమి నిటారుగా ఉందో లేదో చూసింది. బల్ల దగ్గరికి వెళ్ళి రంగుపలక మీద పసుపులో కొంచెం తెలుపు కలిపింది. అన్నిటికంటే సన్నటి కుంచె ఏరింది. చేయి ఆన్చుకునే కర్ర తీసుకుని వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

"ఏం చేస్తున్నావు?" అంది అగ్నీత్.

"ఫెన్నా, మీ నాన్న పేరేమిటి?"

"హారింగ్."

"నీకెన్నేళ్ళు?"

"ఇరవై మూడో నాలుగో. వరదొచ్చి సముద్రపు గట్టు తెగిన ఏడు పుట్టానని అమ్మ అనేది. ఏ గట్టో చెప్పలేదు. మావైపు ఏటా ఏదో ఒకటి తెగుతుంది."

"ఇరవై నాలుగు వేస్తాను. కాదన్నవాళ్ళు గట్టును అడుగుతారు."

"చెల్లెమ్మా," అన్నాడు బారెంట్. "అది రాశావంటే ఇక నా చేతిలో ఏమీ ఉండదు. సంఘం నుంచి నేనే వచ్చి..."

"తాళం వేయాలి. తెలుసు. కాసేపు మాట్లాడకండి బారెంట్ గారూ, అక్షరం వంకర పోతుంది."

ఫెన్నా తల పక్కన ఉన్న గోధుమరంగు ఖాళీలో ఆమె రాసింది. ఫెన్నా, హారింగ్ కూతురు. దాని కింద వయసు, ఏడాది. గొప్పవాళ్ళ బొమ్మల మీద లాటిన్‌లో రాస్తారు. ఆమె తనకు వచ్చిన మాటల్లో, చేపల బజారులో మాట్లాడే మాటల్లో రాసింది. తరవాత వంగి, బొమ్మ కింది మూల మరో వరుస రాసింది. మొహం లాంబెర్ట్ వేసినది, తక్కినది హెస్టర్ వేసినది.

కుంచె తుడిచింది. అక్షరాలు చేతులకంటే తేలిక.

ఫెన్నా లేచి దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. "నేనెక్కడున్నాను ఇందులో?"

"ఇదిగో, ఇక్కడినుంచి ఇక్కడిదాకా నువ్వు. ఇక్కడినుంచి మీ నాన్న."

"అంత పొడుగా నేను?" ఎర్రగా పగిలిన వేలును అక్షరాల మీద ఆనించకుండా గాలిలోనే కదిలించింది. "తుడిస్తే పోతుందా?"

"ఈ పూట పోతుంది. ఈ పసుపు తొందరగా ఆరుతుంది. ఆరాక చెక్కను గీకితే తప్ప పోదు."

"అయితే ఈ పూట నేను ఇక్కడే కూర్చుంటా," అంది ఫెన్నా అగ్నీత్‌ను చూస్తూ.

అగ్నీత్ కేకలు వేయలేదు. కాస్త నవ్వింది కూడా. "రాసుకోండి. పేరు రాసుకుంటే పెళ్ళాం అయిపోదు. జంట బొమ్మ అంటున్నారే, జంట ఏది? అడిగితే చూపించాలని నేనే తెచ్చాను." తలుపు దాకా నడిచి బయటికి చెప్పింది. "తీసుకురా."

ఆమె బండి తోలేవాడు గుడ్డ చుట్టిన చెక్కను మోసుకొచ్చాడు. గుడ్డ విప్పి, అగ్నీత్ చూపిన చోట ఎడమవైపు కొక్కేనికి తగిలించి, మెట్ల మీదికి వెళ్ళిపోయాడు.

ఎవర్ట్ రూస్. నల్లబట్టలు, వెడల్పాటి టోపీ, నడుం మీద చేయి, లాంబెర్ట్ ప్రేమగా వేసిన ఆ మెత్తటి గడ్డం. కుడివైపు తిరిగి కూర్చున్నాడు, ఫెన్నా వైపు. కానీ మోచేయి దాటిన చోట బల్ల లేదు. పళ్ళెం లేదు. పైనుంచి కిందిదాకా నల్లటి తెర జారి ఉంది.

"ఏదమ్మా మీ పళ్ళెం?" అంది అగ్నీత్. "మా అబ్బాయి ఒంటరిగా కూర్చున్నాడు. వెనక తెర. అంతే. రేపు ప్రకటన చదివేముందు చర్చి పెద్దలు ఇదే చూస్తారు."

ఫెన్నా బొమ్మకు దగ్గరగా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. "ఉందక్కా," అంది. నల్లటి తెర వైపు వేలు చూపించింది. "పళ్ళెం ఉంది. నేను చూశాను. దాని మీద వెలుతురు చూసి తుడిచిన పళ్ళెంలా ఉందని నవ్వాను. నువ్వే కదక్కా వేసింది. ఉంది కదా?"

హెస్టర్ ఎవర్ట్ బొమ్మ దగ్గరికి నడిచింది. వాసన చూస్తోంది.

ఎప్పుడో వేసి, మెరుగునూనె కూడా పూసి పంపిన చెక్క అది. దానికి దుమ్ము వాసన రావాలి, పొయ్యి పొగ వాసన రావాలి. తాజా నూనె వాసన వస్తోంది. ఆమె వంగి తెర మడతను పక్కనుంచి చూసింది. మిగతా చోట్ల రంగు గాజులా గట్టిపడి ఉంది. తెర మీద మాత్రం తడి మెరుపు. ఎముకలు కాల్చి నూరిన నలుపు. నలుపుల్లో అంత మెత్తనిది మరొకటి లేదు, అంత మెల్లగా ఆరేదీ లేదు. తీరిక ఉన్నవాడు ఇలాంటి పనికి దాన్ని వాడడు. చేతికి అందింది పూసినవాడే వాడతాడు.

ఆమె బల్ల మీది గుడ్డను రంగు కరిగించే కర్పూరతైలంలో ముంచి పిండింది.

"నా కొడుకు బొమ్మ మీద చేయి వేశావంటే నగర పెద్దల ముందుకు ఈడుస్తాను," అంది అగ్నీత్. ఈసారి గొంతు మారింది.

"ఈ బొమ్మలో చేతులు నావే అమ్మగారూ. నడుం మీద పెట్టుకున్న ఆ చేయి కూడా నేను వేసిందే. మా చేతులు మేము తుడుచుకుంటాం."

మెల్లగా, గుండ్రంగా, పసిపిల్లవాడి మూతి తుడిచినట్టు తుడిచింది. గుడ్డ నల్లబడింది. గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడిచింది. నలుపు కింద ఆకుపచ్చ మడత ఒకటి కనబడింది. తరవాత తగరపు తెల్లటి అంచు, దాని మీద కిటికీ వెలుతురు. ఆ వెలుతురు ఒక చోట లోపలికి వంగింది.

సొట్ట.

ఫెన్నా ఒక్క ఊపున వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు ఏవో కింద పడ్డ చప్పుడైంది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె చేతిలో ఆ తగరపు పళ్ళెం ఉంది, పొద్దున హెస్టర్ తిని వదిలేసిన హెరింగ్ చేప ముల్లు ఇంకా దాని మీదే ఉంది. రెండు బొమ్మల మధ్య, అలమర ముందు, పళ్ళేన్ని ఎత్తి పట్టుకుంది. పళ్ళెం సొట్ట బొమ్మలోని సొట్ట వైపు తిప్పింది. ఎడమన సగం, కుడిన సగం, మధ్య నిజం పళ్ళెం.

"ముల్లు మాత్రం బొమ్మలో లేదమ్మగారూ," అంది. "అది మీరు తీసుకెళ్ళండి."

అగ్నీత్ ఆమెను చూడలేదు. హెస్టర్‌ను చూడలేదు. ఒళ్ళంతా తిప్పి, ఆ పెద్ద కాలరుతో సహా తిప్పి, బారెంట్ వైపు చూసింది. నమ్మి పని అప్పజెప్పితే పాడుచేసిన పనివాణ్ణి చూసినట్టు చూసింది.

ఆ చూపు వెంట హెస్టర్ చూపూ వెళ్ళింది.

బారెంట్ అలమర పక్కన నిలబడి ఉన్నాడు. నుదుటి మీద చెమట. పెద్దమ్మల బొమ్మ నీకిస్తామని అగ్నీత్ అన్నప్పుడు జారబోయిన కప్పు హెస్టర్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది. అదే బొమ్మ అతనికి ముందే ఆశపెట్టి ఉంటుంది. చెక్కను తొడుగు మీంచి తడిమిన వేలు గుర్తొచ్చింది. ఈ ఊళ్ళో బొమ్మ మీద తెర దించడం వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో అగ్నీత్ రూస్ ఇంటి మెట్లు ఎక్కగలిగినవాళ్ళు ఇంకా తక్కువ. రేపు ప్రొద్దున చర్చి పెద్దల ముందు నిలబడి ఈ బొమ్మల సంగతి చెప్పవలసినవాడు మాత్రం ఒక్కడే.

ఎముకల నలుపు గోళ్ళలోకి పోతే సబ్బుకు లొంగదు. రోజుల తరబడి ఉంటుంది. ఆమె గోళ్ళే అందుకు సాక్ష్యం.

"బారెంట్ గారూ," అంది. గొంతు పెంచలేదు. "ఎండ మండిపోతోంది. ఆ తొడుగులు ఒకసారి తీస్తారా?"

బారెంట్ బీరు కప్పును అలమర మీద పెట్టాడు. తొడుగుల వంక చూసుకున్నాడు. తలుపు వంక చూశాడు. తలుపుకు అడ్డంగా ఫెన్నా వచ్చి నిలబడి ఉంది, చేతిలో పళ్ళెంతో.